అండాశయ క్యాన్సర్ రక్తసూచిక సీఏ-125: ఆవిష్కరణ నుంచి పునర్మూల్యాంకనం వరకు (1981–2021)

వ్యాససంగ్రహం:

అండాశయ క్యాన్సర్ చికిత్సలో సీఏ-125 రక్తపరీక్ష నాలుగు దశాబ్దాలుగా వాడుకలో ఉంది. చికిత్స పొందుతున్న రోగి స్థితిని తెలుసుకోవడానికి పుట్టిన ఈ పరీక్షను, కొద్ది సంవత్సరాలలోనే, ఏ లక్షణాలూ లేని స్త్రీలలో వ్యాధిని ముందుగా పట్టుకోవడానికి ఉపయోగించాలన్న ఆకాంక్ష బలపడింది. ఆ ఆకాంక్షను అమెరికా, బ్రిటన్ దేశాలలో లక్షలాది స్త్రీల సహకారంతో పరీక్షించారు. వ్యాధి ముందుగా తెలియడం, ఆయుష్షు పెరగడం ఒకటి కావని ఆ పరిశోధనలు తేల్చాయి. ఈ చరిత్రను కాలక్రమంలో పరిశీలించి, ఒకే సంఖ్య వేర్వేరు ప్రశ్నలకు వేర్వేరు విలువగల సమాధానం ఎలా అయిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అండాశయ క్యాన్సర్, సీఏ-125, కణితి సూచికలు, స్క్రీనింగ్, వైద్యశాస్త్ర చరిత్ర, మోనోక్లోనల్ ప్రతిరక్షకాలు.

1. ఉపోద్ఘాతం:

అండాశయాలు పొత్తికడుపు లోతున ఉంటాయి. వాటిలో పెరిగే కణితి చాలాకాలం బయటికి తెలియదు. కడుపు ఉబ్బరం, కొద్దిగా తినగానే కడుపు నిండినట్లుండడం, నడుము నొప్పి, తరచుగా మూత్రానికి వెళ్ళవలసిరావడం వంటి లక్షణాలు కనిపించినా, వాటిని రోగి గాని వైద్యుడు గాని జీర్ణకోశ సమస్యలుగా భావించే అవకాశం ఎక్కువ. వ్యాధి బయటపడే నాటికి చాలామందిలో అది ఉదరమంతా వ్యాపించి ఉంటుంది. అండాశయానికే పరిమితమై ఉన్న దశలో గుర్తించినవారిలో అత్యధికులు ఐదేళ్ళకు పైగా జీవిస్తారు. వ్యాపించిన తరువాత గుర్తించినవారిలో ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3.24 లక్షలమంది స్త్రీలలో ఈ వ్యాధిని కొత్తగా గుర్తించారు. భారతీయ స్త్రీలలో రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల తరువాతి స్థానం దీనిదే.

రెండు దశల మధ్య ఉన్న ఈ వ్యత్యాసమే ఒక సహజమైన తర్కానికి దారితీసింది. ముందుగా కనిపెడితే బతుకుతారు. కనుక ముందుగా కనిపెట్టే రక్తపరీక్ష ఉంటే మరణాలు తగ్గుతాయి. వినడానికి లోపంలేని ఈ తర్కం వాస్తవంలో ఎందుకు నిలవలేదన్నదే సీఏ-125 చరిత్రలోని ప్రధానాంశం.

2. కణితి సూచిక అనే భావన – పూర్వరంగం:

శరీరద్రవాలలోని ఒక పదార్థం ఆధారంగా క్యాన్సర్‌ను గుర్తించవచ్చన్న ఆలోచన 19వ శతాబ్దం నాటిది. లండన్ వైద్యుడు హెన్రీ బెన్స్ జోన్స్ 1847లో ఒక రోగి మూత్రంలో అసాధారణమైన ప్రోటీన్‌ను వర్ణించాడు. ఎముకల మజ్జకు సంబంధించిన మైలోమా అనే క్యాన్సర్‌కు అది సూచిక అని తరువాత స్థిరపడింది. 1963లో సోవియట్ శాస్త్రవేత్త గ్యారీ అబెలెవ్ బృందం కాలేయ కణితులున్న చిట్టెలుకలలో ఆల్ఫా ఫీటోప్రోటీన్‌ను గుర్తించింది. 1965లో కెనడాలోని మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్‌లు పెద్దపేగు క్యాన్సర్‌కు సంబంధించిన సీఈఏ అనే ప్రతిజనకాన్ని వెల్లడించారు. రక్తంలో అత్యల్ప పరిమాణంలో ఉండే పదార్థాలను సైతం కొలవగల రేడియోఇమ్యునోఎస్సే పద్ధతిని రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్‌లు అప్పటికే రూపొందించారు. ఈ కృషికి యాలో 1977లో నోబెల్ బహుమతి అందుకున్నారు. బెర్సన్ 1972లోనే మరణించారు.

కణితి సూచిక చికిత్సకు దారిచూపగలదని నిరూపించిన తొలి ఘట్టానికి మన తెలుగునేలతో పరోక్ష సంబంధం ఉంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగాన్ని నడిపిన కాలంలో అక్కడ ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే ఔషధాలు తయారయ్యాయి. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడి 1948లో ఫలితాలు ప్రకటించాడు. ఆ కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్‌లు మాయ నుంచి పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌కు ప్రయోగించారు. ఆ కణితి హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను స్రవిస్తుంది. కంటికి కణితి కనబడకపోయినా హార్మోన్ ఇంకా మిగిలి ఉంటే వ్యాధి మిగిలి ఉన్నట్లేనని లీ భావించాడు. అది పూర్తిగా అదృశ్యమయ్యేవరకు మందు ఆపలేదు. కణితి కనబడని రోగికి విషప్రాయమైన ఔషధం ఇవ్వడం అనుచితమని భావించిన సంస్థ ఆయనను పదవి నుంచి తప్పించింది. అయితే ఆయన పద్ధతిలో చికిత్స పొందినవారు స్వస్థులయ్యారు. 1972లో లాస్కర్ పురస్కారం అందుకున్నవారిలో లీ, హెర్ట్జ్‌లు ఇద్దరూ ఉన్నారు.

ఈ విజయానికి మూడు షరతులు ఆధారమని గుర్తించాలి. సూచికను దాదాపు ప్రతి కణితీ స్రవించాలి. గర్భం లేనప్పుడు ఆరోగ్యవంతుల రక్తంలో అది దాదాపు ఉండకూడదు. సూచిక మిగిలి ఉందని తెలిసినప్పుడు వ్యాధిని నిర్మూలించగల మందు చేతిలో ఉండాలి. కోరియోకార్సినోమా విషయంలో మూడూ కలిసివచ్చాయి. సీఏ-125 విషయంలో ఈ మూడూ అసంపూర్ణంగానే ఉన్నాయి.

3. బోస్టన్‌లో ఓసీ-125 (1981–1987):

1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్‌లు ఒకే రకమైన ప్రతిరక్షకాన్ని ఎంత పరిమాణంలోనైనా ఉత్పత్తి చేసే కణాలను సృష్టించారు. ప్రతిరక్షకాన్ని తయారుచేసే ప్లీహకణాన్ని, అంతులేకుండా విభజన చెందే మైలోమా కణంతో సంలీనం చేయడం ఇందులోని కీలకం. ఈ పద్ధతి కొద్దికాలంలోనే క్యాన్సర్ ప్రయోగశాలలకు చేరింది.

ఫార్బర్ స్థాపించి, నాడు ఆయన పేరుతోనే నడుస్తున్న బోస్టన్ క్యాన్సర్ సంస్థలో రాబర్ట్ బాస్ట్, స్త్రీల క్యాన్సర్ శస్త్రవైద్యుడు రాబర్ట్ నాప్ కలిసి పనిచేశారు. అండాశయ క్యాన్సర్‌కు రోగనిరోధక చికిత్స కనుగొనడం వారి అసలు లక్ష్యం. ఒక రోగి ఉదరంలో చేరిన నీటి నుంచి పెంచిన క్యాన్సర్ కణాలను చిట్టెలుకలకు ఎక్కించి, వాటిలో పుట్టిన ప్రతిరక్షకాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. క్యాన్సర్ కణాలను పట్టుకొని, మామూలు కణాలను చాలావరకు వదిలివేసే ప్రతిరక్షకం కోసం అన్వేషించారు. ఆ వరుసలో 125వ ప్రతిరక్షకం ఆశాజనకంగా కనిపించింది. దానికి ఓసీ-125 అని పేరుపెట్టి 1981లో వివరాలు ప్రచురించారు. అది అంటుకునే ప్రతిజనకమే సీఏ-125. చికిత్స కోసం మొదలైన వెతుకులాట కొలమానంతో ముగియడం ఇక్కడ గమనార్హం.

1983లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో బాస్ట్ బృందం రేడియోఇమ్యునోఎస్సే ఫలితాలు వెల్లడించింది. మిల్లీలీటరు రక్తరసికి 35 యూనిట్లను హద్దుగా తీసుకున్నప్పుడు, ఆరోగ్యవంతులుగా కనిపించిన 888 మందిలో 1 శాతం, క్యాన్సర్ కాని వ్యాధులున్న 143 మందిలో 6 శాతం ఆ హద్దు దాటారు. శస్త్రచికిత్సలో అండాశయ క్యాన్సర్ నిర్ధారణ అయిన 101 మందిలో 83 మందికి, అంటే 82 శాతానికి, విలువ హద్దుకు పైన ఉంది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. వ్యాధి పెరిగినప్పుడు సంఖ్య పెరగడం, తగ్గినప్పుడు తగ్గడం 45 సందర్భాలలో 42 సార్లు, అంటే 93 శాతం సరిపోయింది.

ఆ వ్యాసం శీర్షికలోనే రచయితలు ‘వ్యాధి గమనాన్ని పర్యవేక్షించడం’ అని స్పష్టంగా పేర్కొన్నారు. స్క్రీనింగ్ వారి ప్రతిపాదన కాదు. 1987లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ కూడా, చికిత్స పొందినవారిలో వ్యాధి మిగిలి ఉందో లేదో తెలుసుకోవడానికి సహాయకంగా మాత్రమే ఈ పరీక్షను అనుమతించింది. అంతకుముందు అందుకోసం రోగి ఉదరాన్ని మళ్ళీ కోసి చూసేవారు. ఆ బాధతో పోలిస్తే కొద్దిపాటి రక్తంతో జరిగే పరీక్ష గొప్ప ఉపకారమే.

4. ‘35’ అనే హద్దు స్వభావం:

35 యూనిట్లనే హద్దు ప్రకృతి గీసింది కాదు. ఆరోగ్యవంతులలో నూటికి ఒకరు మాత్రమే దాటేలా పరిశోధకులు ఎంచుకున్న గీత అది. సీఏ-125 క్యాన్సర్ కణాలకే పరిమితమైన పదార్థం కూడా కాదు. 2001లో దాని జన్యువును గుర్తించి ఎంయూసీ-16 అని పేరుపెట్టారు. పూతలా ఉండి పొరలకు తేమను, రక్షణను కల్పించే మ్యూసిన్ జాతికి చెందిన భారీ ప్రోటీన్ అది. ఉదరకుహరాన్ని, ఊపిరితిత్తులను, గుండెను కప్పే పొరలలోను, గర్భాశయపు లోపొరలోను అది సహజంగా ఉంటుంది. ఆ పొరలలో ఎక్కడ వాపు వచ్చినా రక్తంలో దాని పరిమాణం పెరుగుతుంది. అందుకే నెలసరి సమయంలోను, గర్భం తొలినెలలలోను, ఎండోమెట్రియోసిస్, సిర్రోసిస్, గుండె వైఫల్యం వంటి స్థితులలోను విలువ 35 దాటవచ్చు. మరోవైపు, తొలిదశ అండాశయ క్యాన్సర్ ఉన్నవారిలో దాదాపు సగంమందికి విలువ హద్దు లోపలే ఉంటుంది.

స్క్రీనింగ్‌లో ఈ గీత ఏం చేస్తుందో ఒక లెక్క ద్వారా తెలుసుకోవచ్చు. రుతుస్రావం ఆగిపోయిన స్త్రీలలో సుమారు 2,500 మందికి ఒకరిలో ఈ వ్యాధి ఉంటుందని పరిశోధకులు సాధారణంగా లెక్కిస్తారు. 10,000 మందిని పరీక్షిస్తే వ్యాధి ఉన్నవారు నలుగురు. మిగిలినవారిలో నూటికి ఒకరు హద్దు దాటినా వారు దాదాపు వందమంది. ఆ నలుగురినీ పరీక్ష పట్టుకుందని అనుకున్నా, వారికోసం వందమంది ఆరోగ్యవంతులు భయంతో తదుపరి పరీక్షలకు వెళ్ళాలి. అండాశయానికి సూదితో ముక్క తీసి చూడడం సాధారణ పద్ధతి కాదు. అందుచేత అనుమాన నివృత్తి చాలాసార్లు శస్త్రచికిత్సతోనే జరుగుతుంది. నూటికి 99 పాళ్ళు కచ్చితమైన పరీక్ష కూడా అరుదైన వ్యాధి విషయంలో ఇంతటి భారాన్ని మోపుతుంది.

5. పర్యవేక్షణ నుంచి స్క్రీనింగ్ వైపు:

పరీక్ష ప్రయోజనం మారడానికి శాస్త్రీయ కారణాలతోపాటు సామాజిక కారణాలు కూడా ఉన్నాయి. అమెరికన్ హాస్యనటి గిల్డా రాడ్నర్ నెలల తరబడి బాధపడిన తరువాత 1986లో అండాశయ క్యాన్సర్ నిర్ధారణ అయింది. 1989 మేలో 42 ఏళ్ళ వయసులో ఆమె మరణించారు. ఆమె భర్త, నటుడు జీన్ వైల్డర్ 1991లో పీపుల్ పత్రికలో తన ఆవేదనను రాశారు. సీఏ-125 పరీక్ష గురించి విస్తృతంగా ప్రచారం చేశారు. ఆ దుఃఖం నిజమైనది. వైద్యులు ఆమె లక్షణాలను గుర్తించలేకపోయారన్న విమర్శా ఉపేక్షించదగినది కాదు. కాని లక్షణాలతో బాధపడుతున్న స్త్రీకి పరీక్ష చేయకపోవడం ఒక సమస్య; ఏ లక్షణాలూ లేని స్త్రీలందరికీ పరీక్ష చేయడం వేరొక ప్రతిపాదన. ప్రజాచర్చలో ఈ రెండూ కలిసిపోయాయి. 1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిర్వహించిన ఏకాభిప్రాయ సదస్సు, సాధారణ స్త్రీలకు స్క్రీనింగ్ వల్ల మేలు జరుగుతుందనడానికి ఆధారాలు లేవని ప్రకటించింది.

బ్రిటన్‌లో ఇయాన్ జాకబ్స్ బృందం రెండు మార్గాలలో ఆలోచించింది. మొదటిది, 1990లో ప్రకటించిన ప్రమాద సూచీ. అండాశయంలో గడ్డ ఉన్నట్లు ఇప్పటికే తెలిసిన స్త్రీకి సీఏ-125 విలువను, అల్ట్రాసౌండ్ అంకెను, రుతుస్రావ స్థితికి ఇచ్చిన అంకెను గుణించి, క్యాన్సర్ నిపుణుల వద్దకు ఎవరిని పంపాలో నిర్ణయించే సాధనమిది. ఈ ఉపయోగం నేటికీ నిలిచి ఉంది. రెండవది, స్టీవెన్ స్కేట్స్‌తో కలిసి రూపొందించిన గణన విధానం. అందరికీ ఒకే హద్దు కాకుండా, ప్రతి స్త్రీ విలువను ఆమె పూర్వపు విలువలతోనే పోల్చడం దీని విశిష్టత. 20 నుంచి 30కి పెరిగిన విలువ, ఏళ్ళ తరబడి 40 వద్ద స్థిరంగా ఉన్న విలువకన్నా అనుమానాస్పదం కావచ్చు. ‘35’ అనే హద్దుపై వచ్చిన అత్యంత సమర్థమైన విమర్శ ఇదే.

6. రెండు మహాపరీక్షలు:

అమెరికాలో జాతీయ క్యాన్సర్ సంస్థ 1993–2001 మధ్య 55 నుంచి 74 ఏళ్ళ వయసుగల 78,216 మంది స్త్రీలను చేర్చుకొని, సగంమందికి ఏటా సీఏ-125, అల్ట్రాసౌండ్ పరీక్షలు జరిపింది. 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం స్క్రీనింగ్ పొందినవారిలో అండాశయ క్యాన్సర్ మరణాలు 118. మామూలు వైద్యసంరక్షణలో ఉన్నవారిలో 100. అంటే మరణాలు తగ్గలేదు. వ్యాధి లేకపోయినా పరీక్షలో అనుమానితులుగా తేలినవారు 3,285 మంది. వారిలో 1,080 మందికి శస్త్రచికిత్స జరిగింది. వారిలో 163 మందికి కనీసం ఒక తీవ్రమైన దుష్ఫలితం కలిగింది. వీరంతా ఈ క్యాన్సర్ లేని స్త్రీలే.

పరీక్ష హద్దు ముతకగా ఉండడం వల్లే అలా జరిగిందన్న వాదనకు అవకాశం మిగిలింది. బ్రిటన్ పరిశోధన దానికి సమాధానం. జాకబ్స్, ఉషా మీనన్ తదితరుల నాయకత్వంలో 2001–2005 మధ్య 2,02,638 మంది స్త్రీలు ఇందులో చేరారు. ఒక బృందానికి పైన పేర్కొన్న గణన విధానంతో ఏటా సీఏ-125 పరీక్ష, మరొక బృందానికి అల్ట్రాసౌండ్ జరిపి, మూడవ బృందానికి ఏ స్క్రీనింగ్ చేయలేదు. 2015లో వెలువడిన తొలి ఫలితాలు కొంత ఆశ కలిగించినా, అవి గణాంకపరంగా నిర్ణాయకం కాలేదు. 2021 మేలో లాన్సెట్ పత్రికలో తుది ఫలితం వెలువడింది. రక్తపరీక్ష బృందంలో వ్యాధి నాలుగవ దశలో బయటపడడం 24.5 శాతం తగ్గింది. మొదటి దశలో బయటపడడం 47 శాతం పెరిగింది. అయినా మూడు బృందాలలోను అండాశయ క్యాన్సర్‌తో మరణించినవారు 0.6 శాతమే.

చరిత్రలో ఇది అరుదైన సందర్భం. పరీక్ష తన పని తాను చేసింది. వ్యాధిని ముందుగా పట్టుకుంది. కాని మరణాన్ని ఆపలేదు. కారణాలను పరిశోధకులు ఇంకా చర్చిస్తున్నారు. ప్రాణాంతకమైన రకానికి చెందిన కణితులు చాలావరకు అండవాహికల చివరనున్న సూక్ష్మమైన మార్పులతో మొదలవుతాయని 2001 తరువాతి పరిశోధనలు సూచించాయి. రక్తంలో సూచిక పెరిగేనాటికి ఆ కణాలు ఉదరంలో చెదిరిపోయి ఉండవచ్చు. ముందుగా పట్టుకున్నది వ్యాధి క్యాలెండరులోని కొన్ని నెలలనే తప్ప దాని స్వభావాన్ని కాదు.

7. తిరగబెట్టడాన్ని ముందుగా పసిగట్టడం – 2010 నాటి ప్రశ్న:

స్క్రీనింగ్ విఫలమైనా పర్యవేక్షణ ప్రయోజనాన్ని ఎవరూ శంకించలేదు. ఆ నమ్మకాన్ని కూడా పరీక్షకు పెట్టినవారు గార్డన్ రస్టిన్, ఆయన సహచరులు. తొలి చికిత్సతో వ్యాధి పూర్తిగా తగ్గిన స్త్రీలకు మూడు నెలలకొకసారి సీఏ-125 చూసి, ఫలితాన్ని రోగికీ వైద్యునికీ చెప్పకుండా ఉంచారు. విలువ సాధారణ హద్దుకు రెట్టింపు దాటిన 529 మందిని రెండు బృందాలుగా విభజించారు. ఒక బృందానికి వెంటనే కీమోథెరపీ ఇచ్చారు. రెండవ బృందానికి లక్షణాలు కనిపించిన తరువాతే ఇచ్చారు. మొదటి బృందంలో చికిత్స సగటున 4.8 నెలలు ముందుగా మొదలైంది. కాని జీవితకాలం వారిలో 25.7 నెలలు, ఆగినవారిలో 27.1 నెలలు, గణాంకపరంగా తేడా లేదు. పైగా ముందుగా మందు మొదలుపెట్టినవారి జీవన నాణ్యత ముందుగానే క్షీణించింది.

ఈ ఫలితం వెలువడిన తరువాత వైద్యులలో వాదోపవాదాలు చెలరేగాయి. నాటి మందుల పరిమితి వల్లనే తేడా కనబడలేదని కొందరి అభిప్రాయం. వ్యాధి తిరగబెట్టినప్పుడు తగినవారిని ఎంచి శస్త్రచికిత్స చేస్తే జీవితకాలం 46.0 నుంచి 53.7 నెలలకు పెరిగిందని 2021లో మరొక పరిశోధన చూపింది. అటువంటి చికిత్సకు అవకాశమున్నవారికి ముందుగా తెలియడం ఉపకరించవచ్చు. లీ కాలంనాటి మూడవ షరతు ఇక్కడ మళ్ళీ ముందుకు వస్తుంది. చేయగలిగినది చేతిలో ఉన్నప్పుడే తెలియడానికి విలువ. ఆ పరిశోధన తరువాత, లక్షణాలు లేనప్పుడు సీఏ-125 చూడాలా వద్దా అన్నది రోగితో చర్చించి నిర్ణయించవలసిన విషయమైంది. మూడు నెలలకొకసారి ఆ కాగితం కోసం ఎదురుచూసే స్త్రీకి, సంఖ్య తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా ఉందని వైద్యం అంగీకరించడం చిన్న మార్పు కాదు.

8. భారతీయ సందర్భం:

మన దేశంలో సీఏ-125 పఠనానికి ఒక అదనపు చిక్కు ఉంది. అది క్షయ. ఉదరపు పొరకు క్షయ సోకినప్పుడు నీరు చేరడం, గడ్డలు కనిపించడం, బరువు తగ్గడం, సీఏ-125 వందల యూనిట్లకు పెరగడం అన్నీ సంభవిస్తాయి. ముదిరిన అండాశయ క్యాన్సర్ స్వరూపమూ ఇదే. క్యాన్సర్ అని భావించి పొట్ట కోసిన తరువాత క్షయ అని తేలిన ఉదంతాలు భారతీయ వైద్యపత్రికలలో అనేకం. నెలల మందులతో నయమయ్యే వ్యాధికి గర్భాశయం, అండాశయాలు కోల్పోవడం ఎంతటి నష్టమో, ముఖ్యంగా సంతానం ఆశించే యువతికి, చెప్పనక్కరలేదు. బోస్టన్‌లో గీసిన 35 అనే గీత మన ఊళ్ళలో అదే అర్థాన్ని ఇవ్వదు.

మరొకవైపు, మన నగరాలలోని ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలలో కొన్నింటిలో ఏ లక్షణాలూ లేని స్త్రీలకు సైతం సీఏ-125 చేరుస్తున్నారు. అమెరికా నిపుణుల సంఘం 2012లోను, 2018లోను సాధారణ స్త్రీలకు ఈ స్క్రీనింగ్ వద్దని సిఫారసు చేసింది. బ్రిటన్‌లో 2011 నుంచి అమలులో ఉన్న మార్గదర్శకం, లక్షణాలు కొనసాగుతున్న స్త్రీలకు మాత్రం సీఏ-125 తప్పక చూడాలని, విలువ 35 గాని అంతకు మించి గాని ఉంటే అల్ట్రాసౌండ్ చేయాలని నిర్దేశించింది. ఈ రెండు సిఫారసుల మధ్య వైరుధ్యం లేదు. అడిగిన ప్రశ్న వేరు. బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్న కుటుంబాల స్త్రీల ప్రశ్న మళ్ళీ వేరు. వారికి రక్షణ ఇవ్వగలదని రుజువైనది సంతానం కలిగిన తరువాత అండవాహికలు, అండాశయాలు తొలగించుకోవడమే కాని ఏటేటా రక్తపరీక్ష కాదు.

9. ముగింపు:

సీఏ-125 చరిత్రను వైఫల్యగాథగా చదవడం సరికాదు. చికిత్స పనిచేస్తున్నదో లేదో చెప్పడంలో, గడ్డ ఉన్న రోగిని సరైన నిపుణుని వద్దకు పంపడంలో, లక్షణాలున్న స్త్రీని నిర్లక్ష్యం చేయకుండా చూడడంలో దానికి సాటివచ్చే సులభ సాధనాలు తక్కువ. పరీక్ష లోపభూయిష్టమైనందువల్ల కాక, ఒక ప్రశ్నకు పుట్టిన సమాధానాన్ని మరొక ప్రశ్నకు అన్వయించినందువల్ల హాని జరిగింది.

ఆ అన్వయం తప్పని తేల్చినవి వాదాలు కావు; రెండు దేశాలలో రెండు లక్షల ఎనభై వేలమందికి పైగా స్త్రీలు ఏళ్ళతరబడి పాల్గొన్న పరిశోధనలు. తమకు మేలు జరుగుతుందో లేదో తెలియకుండానే వారు చేతులు చాచి రక్తం ఇచ్చారు. ఒక్క చుక్క రక్తంతో అనేక క్యాన్సర్లను ముందే కనిపెడతామని చెప్పే కొత్త పరీక్షలు నేడు వస్తున్నాయి. వాటిని ‘ఎంత ముందుగా కనిపెడుతుంది?’ అని అడగడంతో ఆగక, ‘ఆ ముందు దొరికిన కాలంతో ఏం చేయగలం?’ అని కూడా అడగడమే ఆ స్త్రీలు మనకు విడిచిన పాఠం.